విజయనగర వరహాల సేకరణ: తరచుగా అడిగే ప్రశ్నలు

సుత్తి దెబ్బతో ముద్రించిన పాత బంగారు నాణేలపై ఆసక్తి పెంచుకున్న తెలుగువారిలో చాలామంది మొదట వరహా దగ్గరికే వస్తారు. వారు సాధారణంగా అడిగే ప్రశ్నలకు, ముఖ్యంగా కొనేముందు అడగవలసిన ప్రశ్నలకు, ఇక్కడ సమాధానాలు ఉన్నాయి.

వరహా అంటే ఏ నాణెం? దానిలో చిన్న విలువలు ఏమిటి?

సుమారు 3.4 గ్రాముల బరువుతో, ఒక సెంటీమీటరుకు కాస్త మించిన వ్యాసంతో, చిన్నదిగా, మందంగా ఉండే బంగారు నాణెం వరహా. 1336లో మొదలైన విజయనగర రాజ్యంలో సంగమ, సాళువ, తుళువ, అరవీటి వంశాల కాలమంతటా ఈ తూకం పెద్దగా మారకుండా నిలిచింది. యూరోపియన్ వర్తకులు పగోడా అన్నదీ, దక్కను సుల్తానుల రాజ్యాల్లో హూన్ అన్నదీ ఈ కోవకు చెందిన నాణెమే. అర వరహా సుమారు 1.7 గ్రాములు, పావు వరహా సుమారు 0.85 గ్రాములు తూగుతాయి. ఫణం అంతకంటే చాలా చిన్నది, గ్రాములో మూడో వంతు మాత్రమే ఉంటుంది. 1443లో రెండవ దేవరాయల కాలంలో విజయనగరానికి వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్, వరహాను, దానిలో సగమైన పర్తాబ్‌ను, ఫణాన్ని వర్ణించి, వీటన్నిటిలో ఎక్కువ ఉపయోగపడేది ఫణమేనని రాశాడు. వెండితో తార్, రాగితో జీతల్ ఉండేవని కూడా ఆయన పేర్కొన్నాడు. రోజువారీ బజారులో తిరిగినది ఫణం కాగా, భూముల క్రయవిక్రయాలలో, దేవాలయ దానాలలో, సైన్యం జీతాలలో లెక్కకు వచ్చినది వరహా. ఉదయగిరి విజయం తరువాత 1514లో కృష్ణదేవరాయలు తిరుమలలో స్వామికి 30,000 బంగారు నాణేలతో కనకాభిషేకం చేశాడు. ఆ సంఖ్యను చదివినప్పుడు, ఈ చిన్న నాణెం ఎంత పెద్ద రాజ్యపు లెక్కలను మోసిందో తెలుస్తుంది.

సుత్తితో కొట్టిన నాణెం యంత్రపు నాణెం కంటే ఏ విధంగా వేరు?

కమ్మటంలో, అంటే టంకసాలలో, ముందుగా బంగారాన్ని కరిగించి, తూకం సరిచూసి, చిన్న బిళ్ళలుగా తయారు చేసేవారు. కింది అచ్చును దిమ్మెలో గాని దాగలిలో గాని కదలకుండా బిగించి, దానిపై బిళ్ళను ఉంచి, పై అచ్చును చేత్తో పట్టుకుని సుత్తితో కొట్టేవారు. ప్రతి నాణెమూ ఇలా విడివిడిగా, ఒక మనిషి చేతి బలంతో తయారైనది కాబట్టి, ఒకే జత అచ్చుల నుంచి వచ్చిన రెండు నాణేలు కూడా అచ్చంగా ఒకేలా ఉండవు. ముద్ర పక్కకు జరగడం, రెండో దెబ్బ పడినప్పుడు గీతలు జంటగా కనిపించడం, వెనుక వైపు అక్షరాలు ముందు వైపు బొమ్మకు వాలుగా ఉండడం సహజం. అచ్చు బిళ్ళకంటే వెడల్పుగా ఉండేది కాబట్టి బొమ్మ మొత్తం బిళ్ళపై పట్టడం అరుదు. యంత్రపు నాణేల అంచున ఉండే సమానమైన గట్టు, గీతలు వరహాలపై ఉండవు.

మద్రాసులో ఈస్టిండియా కంపెనీ 1808 నుంచి ముద్రించిన గోపురం బొమ్మ ఉన్న రెండు పగోడాల నాణేన్ని వరహా పక్కన పెట్టి చూస్తే ఈ తేడా అంతా అర్థమవుతుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1818లో రూపాయిని ప్రామాణిక నాణెంగా చేయడంతో పగోడా లెక్కల నుంచి తప్పుకుంది.

ఏ నాణెం ఏ రాజుదో ఎలా గుర్తించాలి?

ముందు వైపు దేవతామూర్తి గాని జంతువు గాని, వెనుక వైపు సాధారణంగా మూడు వరుసల నాగరి అక్షరాలు ఉంటాయి. చాలావరకు 'శ్రీ ప్రతాప' అన్న మాటతో మొదలై రాజు పేరు వస్తుంది. సంగమ వంశపు తొలి రాజుల నాణేలపై హనుమంతుడు, గరుడుడు కనిపిస్తారు, కొన్నిటిపై కన్నడ లిపి కూడా ఉంటుంది. రెండవ హరిహరరాయల నుంచి పీఠంపై కూర్చున్న దేవదంపతుల బొమ్మ ప్రధానమవుతుంది. అది ఉమామహేశ్వరులదా, లక్ష్మీనారాయణులదా అన్నది చేతుల్లో ఉన్నవాటిని బట్టి తేల్చాలి. శంఖచక్రాలుంటే లక్ష్మీనారాయణులు, త్రిశూలమో డమరువో లేడియో ఉంటే ఉమామహేశ్వరులు. నాణెం అరిగినప్పుడు మొదట చెరిగిపోయేవి కూడా ఆ చేతులే కాబట్టి, అమ్మేవారు రాసిన వివరాన్ని నమ్మకుండా భూతద్దంతో స్వయంగా చూడడం అవసరం.

కృష్ణదేవరాయల వరహాపై కూర్చున్న బాలకృష్ణుడు, వెనుక 'శ్రీ ప్రతాప కృష్ణరాయ' ఉంటాయి. ఉదయగిరి నుంచి బాలకృష్ణ విగ్రహాన్ని తెచ్చి హంపిలో ఆలయం కట్టించిన సంగతికీ ఈ బొమ్మకూ పరిశోధకులు సంబంధం చూపుతారు. బజారులో దీనిని దుర్గి వరహా అనడం కూడా ఉంది, ఆ మూర్తిని దుర్గగా భావించిన పాత అలవాటు అది. అచ్యుతదేవరాయల నాణేలపై ముక్కులతోను, గోళ్ళతోను ఏనుగులను పట్టుకున్న గండభేరుండం ఉంటుంది. ఇంత చిన్న బిళ్ళపై రెండు తలల పక్షిని, నాలుగు ఏనుగులను ఇమిడ్చిన ఆ అచ్చు చెక్కినవారి పనితనం ఈ శ్రేణి మొత్తంలో నాకు అత్యున్నతంగా కనిపిస్తుంది. సదాశివరాయల పేరుతో మళ్ళీ దేవదంపతులు వస్తారు. 1565 యుద్ధం తరువాత రాజధాని పెనుకొండకు మారిన కాలంలో, తిరుమలరాయల వరహాపై సీతారాములు కూర్చుని, పక్కన లక్ష్మణుడు నిలబడి ఉంటాడు. 1586 నుంచి 1614 వరకు ఏలిన వేంకటపతిరాయలకు చెందినవిగా చెప్పే నాణేలపై తోరణం కింద నిలబడిన వేంకటేశ్వరుడు, వెనుక 'శ్రీ వేంకటేశ్వరాయ నమః' ఉంటాయి. అక్కడ రాజు పేరు ఉండవలసిన చోట దేవుడి పేరు నిలిచింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. కర్ణాటకలో తరువాతి కాలంలో ఏలిన కెళది నాయకుల ఇక్కేరి వరహాలపై శివపార్వతులు, వెనుక 'శ్రీ సదాశివ' ఉంటాయి. వాటిని సదాశివరాయల నాణేలుగా ఎక్కువ ధరకు అమ్మడం తరచుగా జరుగుతుంది. మైసూరులో హైదర్ అలీ కూడా శివపార్వతుల బొమ్మను అలాగే ఉంచి, వెనుక తన పేరులోని మొదటి పారశీక అక్షరాన్ని వేయించాడు. బొమ్మ ఒక్కదాన్నే చూసి రాజును నిర్ణయిస్తే, రెండు వందల ఏళ్ళ తేడా ఉన్న నాణేలు ఒకే పెట్టెలో చేరతాయి.

పాతదైన కొద్దీ అరుదైనదేనా?

కాదు. ఎంత ముద్రించారు, ఎంత కరిగిపోయింది, ఎంత భూమిలో మిగిలింది అన్న మూడింటిపై అరుదుదనం ఆధారపడుతుంది. కృష్ణదేవరాయల వరహాలు ఎక్కువ సంఖ్యలో ముద్రితమై, ఎక్కువ కాలం నమ్మకంతో చలామణి అయ్యాయి కాబట్టి నేటికీ వేలాల్లో తరచుగా కనిపిస్తాయి. బుక్కరాయల నాణెం, సంగమ వంశపు చివరి రాజుల బంగారు నాణేలు అలా దొరకవు.

కరిగించడం ఈనాటి విషయం కాదు. బహమనీ సుల్తాను మొదటి మహమ్మద్ షా కాలంలో, విజయనగర నాణేలే దక్కనులో చెల్లుబాటు కావాలని అక్కడి షరాబులు (నాణేలు మార్చే వర్తకులు) బహమనీ బంగారు నాణేలను కరిగించేవారని, అందుకు సుల్తాను వారిని కఠినంగా శిక్షించాడని చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు. బహమనీ బంగారు టంకాలు నేడు అరుదు కావడానికి ఇటువంటి పోటీ కూడా ఒక కారణం కావచ్చు. గోల్కొండ కుతుబ్ షాహీలు తమ పేరుతో ప్రధానంగా రాగి నాణేలనే ముద్రించారు. వారి రాజ్యంలో బంగారు లెక్క హూన్‌లలోనే సాగింది. 1687లో ఔరంగజేబు గోల్కొండను పట్టుకున్నాక, దారుల్ జిహాద్ హైదరాబాద్ అనే టంకసాల పేరుతో మొహరులనే మొఘలు బంగారు నాణేలు వచ్చాయి. అవి పదకొండు గ్రాములకు దగ్గరగా తూగే, పారశీక అక్షరాలు మాత్రమే ఉన్న వేరే సంప్రదాయపు నాణేలు.

సేకరణను దేనితో మొదలుపెట్టడం మంచిది?

బంగారంతో మొదలుపెట్టవద్దనే నా సలహా. దేవరాయల ఏనుగు బొమ్మ ఉన్న రాగి నాణేలు కొన్నిటిని తక్కువ ఖర్చుతో సంపాదించి, నాగరి అక్షరాలను చదవడం ముందు నేర్చుకోవాలి. రాగి నాణేలపై అక్షరాలు అరిగి, తెగి ఉంటాయి కాబట్టి, వాటిని చదవగలిగినవారికి వరహా సులభంగా అర్థమవుతుంది. ఆ తరువాత ఒక ఫణం, ముఖ్యంగా మైసూరు రాజు కంఠీరవ నరసరాజ ఒడెయరు పేరుతో నరసింహమూర్తి బొమ్మతో విరివిగా దొరికే కంఠీరాయ ఫణం, బంగారంపై ముద్ర ఎలా పడుతుందో తెలుసుకోవడానికి పనికి వస్తుంది. మొదటి వరహాగా కృష్ణదేవరాయలదే సరైనది. పోల్చి చూడడానికి అసలైన నమూనాలు దానికి ఎక్కువగా ఉన్నాయి.

బొమ్మ అంచున తెగి ఉంటే నాణెం విలువ తగ్గుతుందా?

కొంత తగ్గుతుంది, కానీ అది నాణేనికి తరువాత పట్టిన లోపం కాదు, పుట్టుకతో వచ్చినది. దేవతామూర్తి ముఖం, చేతులు స్పష్టంగా ఉండి, వెనుక రాజు పేరు చదవడానికి వీలుగా ఉంటే, అంచున పీఠమో చుక్కల వలయమో కనిపించకపోవడం పెద్ద నష్టం కాదు. అదే రాజు పేరు మొత్తం బిళ్ళ బయటకు పోయి, 'ప్రతాప' మాత్రమే మిగిలి ఉంటే, మెరుపు ఎంత ఉన్నా నేను దాన్ని తక్కువగానే లెక్కిస్తాను.

నకిలీని ఎలా పట్టుకోవాలి?

నకిలీలు ప్రధానంగా మూడు రకాలు. అసలు నాణెం నుంచి మూస తీసి పోత పోసినవి, కొత్తగా చెక్కిన అచ్చులతో నిజమైన బంగారంపైనే కొట్టినవి, తక్కువ లోహానికి బంగారు పూత వేసినవి.

పోత నాణెం ఉపరితలంపై సన్నని గుంతలు, బుడగల జాడలు ఉంటాయి. అక్షరాల అంచులు కరిగినట్టు మెత్తగా ఉంటాయి. సుత్తి దెబ్బ తిన్న లోహం అచ్చు గాడిలోకి పారినప్పుడు అక్షరం పక్కన సన్నని గీతలు పడతాయి, పోతలో అవి కనిపించవు. నాణెం అంచును చుట్టూ తిప్పి చూస్తే, పోత మూస రెండు భాగాలు కలిసిన గీత లేదా దాన్ని ఆకురాయితో అరగదీసిన గుర్తు ఉండవచ్చు. ఒకే అమ్మకందారు దగ్గర ఉన్న రెండు నాణేలపై ఒకే చోట ఒకే గీత, ఒకే వంకర కనిపిస్తే రెండింటినీ వదిలేయాలి. చేత్తో కొట్టిన నాణేలు అంతగా కలవవు.

పూత నాణేలను సాంద్రత పరీక్ష బయటపెడుతుంది. స్వచ్ఛమైన బంగారపు సాంద్రత 19.3, ఇరవైరెండు కారట్ల బంగారానికి పదిహేడు, పద్దెనిమిది మధ్య, వెండికి 10.5, ఇత్తడికి సుమారు 8.5. నాణేన్ని గాలిలో తూచి, సన్నని దారంతో నీటిలో వేలాడదీసి మళ్ళీ తూచి, గాలిలోని బరువును తగ్గిన బరువుతో భాగించాలి. అయితే 3.4 గ్రాముల మంచి వరహాకు నీటిలో తగ్గే బరువు 0.19 గ్రాములకు దగ్గరగా ఉంటుంది. గ్రాములో వందో వంతు వరకే చూపే కాటాలో ఒక అంకె తేడా వచ్చినా జవాబు పదిహేడు నుంచి పద్దెనిమిదికి దూకుతుంది. కాబట్టి వెయ్యో వంతు చూపే కాటా ఉండాలి. ఫణానికి ఈ పరీక్ష ఆ కాటాతో కూడా నమ్మదగినది కాదు. ఎక్స్‌రే పరీక్ష చేసే బంగారు దుకాణాలు చాలా ఊళ్ళలో ఉన్నాయి, కానీ ఆ యంత్రం పైపొరనే చదువుతుందని, మందమైన పూత దాన్ని మోసగించగలదని గుర్తుంచుకోవాలి. గీటురాయి మీద నాణేన్ని గీయనివ్వకూడదు.

నిజమైన బంగారంపై కొత్త అచ్చులతో కొట్టిన నకిలీయే అన్నిటికంటే కష్టమైనది, తూకమూ లోహమూ రెండూ సరిపోతాయి కాబట్టి. దాన్ని పట్టించేది అక్షరాల తీరు ఒక్కటే. నాగరి లిపి ఎరిగిన నాటి చెక్కడపు పనివాడు రాసిన అక్షరానికీ, చదవడం రాక బొమ్మగా చూసి గీసినదానికీ తేడా ఉంటుంది. నూరు అసలు నాణేల చిత్రాలను ఓపికగా చూసిన కన్ను ఆ తేడాను పట్టగలదు. అందుకే ఈ సేకరణలో పుస్తకానికి, మ్యూజియానికి పెట్టే సమయం నాణేనికి పెట్టే డబ్బు కంటే ముందు రావాలి.

సీతారాముల పట్టాభిషేకం ఉన్న పెద్ద బిళ్ళలు విజయనగరానివేనా?

రామటంకాలుగా పిలిచే ఆ బిళ్ళలు పూజకు, కానుకలకు ఉద్దేశించినవి. మార్కెట్లో కనిపించేవాటిలో అత్యధికం ఇటీవలి శతాబ్దాలవి, ఎక్కువ భాగం వెండివో పూత పూసినవో. వాటిని విజయనగర నాణేలుగా అమ్మేవారి దగ్గర ఇంకేమీ కొనకపోవడం మంచిది.

మా ఇంటి పాత కాసులపేరులో వరహాలు ఉన్నాయి. ఏం చేయాలి?

ముందుగా కరిగించకండి. తెలుగు ఇళ్ళలో తరతరాలుగా వచ్చిన హారాల్లో వరహాలు, ఫణాలు, కంపెనీ నాటి పగోడాలు ఉండడం కద్దు. హారం మార్చి కొత్త నగ చేయించుకునేటప్పుడు అవి కంసాలి మూసలోకి వెళ్ళిపోతున్నాయి. ప్రతి నాణేన్నీ విప్పకుండానే రెండు వైపులా ఫోటో తీసి, నాణేలు తెలిసినవారికి చూపించాలి. కొక్కెం అతికించిన టంకం గుర్తు గాని, తొలిచిన రంధ్రం గాని ఉన్న నాణేనికి సేకరణ విలువ చాలా తగ్గుతుందన్నది నిజమే. అయినా ఆ టంకాన్ని తీయించి, రంధ్రాన్ని పూడ్పించి మెరుగు పెట్టిస్తే మిగిలిన విలువ కూడా పోతుంది. హారంగా ఉన్నది హారంగానే ఉండనివ్వడం మేలు, అది కూడా ఆ నాణెం చరిత్రలో భాగమే.

చట్టం ఏం చెబుతుంది?

నూరేళ్ళకు పైబడిన నాణెం 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం పురావస్తువు. ఈ చట్టం 1976 ఏప్రిల్ 5 నుంచి అమల్లో ఉంది. వ్యక్తులు అటువంటి నాణేలను కలిగి ఉండవచ్చు, దేశంలో కొనవచ్చు. కానీ పురావస్తువుల వ్యాపారం చేసేవారికి లైసెన్సు ఉండాలి, దేశం దాటించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి లేదా అది అధీకృతం చేసిన సంస్థకు మాత్రమే ఉంది. అనుమతి లేకుండా ఎగుమతి చేసినవారికి ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ళ వరకు జైలు, జరిమానా ఉన్నాయి. అమెరికాలోనో లండన్‌లోనో ఉన్న పిల్లలకు కానుకగా ఒక వరహాను సూట్‌కేసులో పెట్టి పంపడం కూడా ఈ నిషేధం కిందికే వస్తుంది. విదేశాల్లో ఉంటూ అక్కడి వేలాల్లో కొనేవారు, నాణెం భారతదేశం నుంచి ఎప్పుడు, ఎలా బయటికి వెళ్ళిందో చెప్పే పాత వేలం రికార్డు గాని, పాత సేకరణ వివరం గాని అడిగి తీసుకోవాలి. ఆ వివరం చెప్పలేని అమ్మకందారు దగ్గర ఎంత మంచి నాణెం ఉన్నా వదులుకోవాలనే నేను గట్టిగా చెబుతాను.

పొలం దున్నుతుంటే నాణేలు దొరికితే?

1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇప్పటికీ వర్తిస్తుంది. భూమిలో దాగి దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే, దొరికినవారు ఏమి దొరికింది, సుమారు విలువ ఎంత, ఎక్కడ, ఎప్పుడు దొరికింది అన్న వివరాలతో కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేసి, నిధిని ట్రెజరీలో జమ చేయాలి లేదా అడిగినప్పుడు చూపడానికి హామీ ఇవ్వాలి. దాచినవారికి ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చు, వారి వాటా కూడా పోతుంది. హక్కుదారు ఎవరూ లేరని తేలినప్పుడు, వేరే ఒప్పందం లేకపోతే, దొరికినవారికి మూడు పాళ్ళు, స్థలం యజమానికి ఒక పాలు చెందుతాయి. ప్రభుత్వం తీసుకోదలిస్తే లోహపు విలువకు మరో ఐదో వంతు కలిపి చెల్లిస్తుంది.

చట్టం భయం కంటే పెద్ద కారణం మరొకటి ఉంది. ఒక కుండలో కృష్ణరాయల వరహాలు, అచ్యుతరాయల అర వరహాలు, ఇంకా పేరు తేలని ఫణాలు కలిసి దొరికితే, వాటి నిష్పత్తి, కుండ ఉన్న చోటు, పక్కన ఉన్న వస్తువులు కలిసి ఆ డబ్బు ఎప్పుడు, ఎందుకు దాచారో చెప్పగలవు. పది మంది పంచుకుని అమ్ముకున్న మరుక్షణం ఆ సమాచారం మళ్ళీ ఎవరూ తిరిగి తేలేని విధంగా నశిస్తుంది.

నాణేన్ని శుభ్రం చేయవచ్చా?

చేయవద్దు. మట్టి అంటి ఉంటే శుద్ధి చేసిన నీటిలో కాసేపు ఉంచి, మెత్తని గుడ్డపై ఆరనిస్తే చాలు. చింతపండు, కుంకుడుకాయ, టూత్ పేస్టు, మెరుగు పెట్టే పొడి ఏదీ వాడకూడదు.

అసలైన నాణేలను ఎక్కడ చూడవచ్చు?

హంపి దగ్గర కమలాపురంలోని పురావస్తు మ్యూజియం, చెన్నై ఎగ్మోరులోని ప్రభుత్వ మ్యూజియం, హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర పురావస్తు మ్యూజియం మొదట చూడవలసినవి. ముంబైలోని రిజర్వు బ్యాంకు ద్రవ్య మ్యూజియం, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం కూడా దక్షిణ భారత నాణేలకు మంచి చోట్లు. అద్దం వెనుక ఉన్నా సరే, బంగారు రంగులోని తేడాలను అక్కడ గమనించాలి. వెండి కలిసిన బంగారం పాలిపోయినట్టు, రాగి కలిసినది ఎర్రగా కనిపిస్తాయి, ఫోటోలలో ఈ తేడా సరిగా తెలియదు.

కొన్న తరువాత ఏ రికార్డు ఉంచాలి?

రసీదు, అమ్మినవారి లైసెన్సు వివరం, కొన్న తేదీ, వెయ్యో వంతు వరకు తూచిన బరువు, వ్యాసం, రెండు వైపులా తీసిన ఫోటోలు, వెనుక అక్షరాలను మీరు చదివిన విధం, ఆ నాణెం అంతకుముందు ఎవరి సేకరణలోనో, ఏ వేలంలోనో ఉంటే ఆ వివరం, ఇవన్నీ ఒక పుస్తకంలో రాసి, దాని నకలును ఇంట్లో మరొకరికి ఇవ్వాలి. నాణేన్ని రసాయనాలు విడుదల చేసే మెత్తని ప్లాస్టిక్ కవరులో కాకుండా, గట్టి పారదర్శక కవరులో విడిగా ఉంచి, దాని సంఖ్యను పుస్తకంలోని సంఖ్యతో కలపాలి. నాణేలు లాకరులో, పుస్తకం ఇంట్లో ఉండాలి. సేకరించినవారి తరువాత ఆ పెట్టెను తెరిచే కుమారుడో కోడలో ఆ పుస్తకం లేకపోతే నాణేలను తులాల లెక్కన దుకాణంలో ఇచ్చేసే అవకాశమే ఎక్కువ. కాబట్టి ఏ నాణెం ఎవరికి చూపించి విలువ కట్టించాలో కూడా అందులోనే రాసి పెట్టాలి.